ఒంటిగంటకు తెగే లైను

పెళ్లయిన ఇరవై మూడో రోజున నన్ను కొల్లాపూర్ పంపారు. మా బీమా కంపెనీలో ఒక్కో శాఖకు ఒక్కో రకం కంప్యూటర్లు. వాటన్నిటినీ హైదరాబాద్‌లోని మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌తో కలపడం నా పని. పాత పాలసీలన్నీ ఒక్కసారి ఎక్కితే చాలు, తర్వాత ఏ రోజువి ఆ రోజు క్షణాల్లో పోతాయి. ఆ ఒక్కసారికే ఏడు గంటలు పడుతుంది. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటినుంచి.

శుక్రవారానికి ముగించాలని నా తొందర. మా ఆయన అరుణ్ నల్లగొండ దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. శనివారం అతనికి సెలవు. పెళ్లయ్యాక మా ఇద్దరికీ కలిసొచ్చే మొదటి సెలవు.

బుధవారం భోజనం చేసి వచ్చి చూస్తే, ఒంటిగంటకే లైను తెగిందని తెలిసింది. గురువారమూ ఒంటిగంటకే. తీగలు మార్చాను, సెట్టింగులు మార్చాను. సాయంత్రం కిరాయి గదిలో కొత్త మట్టెలు గచ్చు మీద టక్కుమంటుంటే కాసేపు అటూ ఇటూ నడిచాను. ఆ చప్పుడు నాకు భలే ఇష్టం. వినడానికి నేనొక్కదాన్నే.

శుక్రవారం కూడా రోజూలాగే ఒంటిగంటకు భోజనానికి గదికి వెళ్లి అరుణ్‌కు ఫోన్ చేశాను. అతనికి తీరిక ఆ వేళకే. ఎత్తలేదు. అన్నం సయించక వెంటనే ఆఫీసుకు వచ్చేశాను. ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. కంప్యూటర్లు బ్యాటరీ మీద నడుస్తున్నాయి గానీ, బ్యాటరీ లేని లైను కలిపే పెట్టెలో దీపం ఆరిపోయి ఉంది. అటెండర్ జానయ్య బల్ల మీద కునుకు తీస్తున్నాడు.

"పెద్దయ్యా, కరెంటు పోయిందా?"

"పోలే బిడ్డా, నేనే మెయిన్ బంద్ చేసిన. అందరు తినవోతరు గదా, ఉత్తగ ఎవలికి తిరగాలె ఫ్యాన్లు? రెండింటికి మల్ల ఏస్త."

"రోజూనా?"

"ఇరవై ఏండ్ల సంది."

"నాకు ఒక్కమాట చెప్పొద్దా?"

"నువ్వుంటే గద చెప్పనీకి. ఒంటిగంట కాంగనే ఫోన్ చెవుల పెట్టుకొని ఉరుకుతవు. కొత్త పెండ్లిపిల్లవని ఊకున్న."

నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ గంట నేను కుర్చీలో కూర్చుని ఉంటే బుధవారమే పని అయిపోయేది.

ఆఫీసు ఐదింటికే మూస్తారు, ఆ రోజు ఇంకో ఏడు గంటలు దొరకవు. శనివారం తొమ్మిదింటికి మళ్లీ మొదలుపెట్టాను. ఆఫీసులో నేనూ జానయ్యా తప్ప ఎవరూ లేరు. ఒంటిగంటకు ఆయన స్విచ్చుల వైపు చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నాలుగింటికి హైదరాబాద్ నుంచి జవాబు వచ్చింది, అన్నీ అందాయని.

"ఇగ గంతేనా?" అన్నాడు జానయ్య.

"గంతే."

ఇప్పుడే బయల్దేరతానని అరుణ్‌కు ఫోన్‌లో చెప్పాను. "ఇప్పుడెల్తే పదకొండైతది నిరోషా. నాకేమో పొద్దుగాల ఆరింటికే డ్యూటీ. ఎందుకు తిప్పల? వచ్చే వారం రారాదు" అన్నాడు.

పదకొండు నుంచి ఆరు. చాలా సమయమే అనిపించింది. బస్సెక్కి నల్లగొండకు టికెట్ అడిగితే కండక్టర్ కల్వకుర్తి దాకే ఇచ్చాడు. అక్కడ మారాలట. పక్క సీటు ఖాళీగా ఉంది. బ్యాగు అక్కడ పెట్టుకున్నాను.