నేపాల్ పిల్ల తైదంబలి

బిపనాకు ఒక్కచోట కూర్చోవడం చేతకాదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో వాచ్‌మెన్‌ పనికి వచ్చిన తండ్రి వెంట నేపాల్ కొండలు దిగినప్పుడు ఆమెకు పదేళ్లు. ఇప్పుడు ఇరవై మూడు. తండ్రి మిల్లు మారినప్పుడల్లా గది మారింది, గది మారినప్పుడల్లా బడి మారింది. ఎవరో వచ్చి లేవమనేలోపే తనే లేచి నిలబడటం అలవాటైపోయింది.

నేపాల్‌లో వాళ్ల ఊళ్లో తైదలంటే, అదే రాగులంటే, పేదోళ్ల తిండి. ఇక్కడేమో షుగరున్న వాళ్లు, ఒళ్లు తగ్గాలనుకునేవాళ్లు ఆ తైదలకోసమే వెతుక్కుంటున్నారు. అది చూసే కోదాడకు వచ్చి, బస్టాండు దగ్గర జావ బండి పెట్టింది. పక్క గదిలో కిరాయికుండే శాంతాబాయిది మునగాల దగ్గరి తండా. రాత్రి పిండి నానబెట్టి, పొద్దున కాచి, చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలిపే తైదంబలి ఆమే నేర్పింది. ఇద్దరూ కలిసి వ్యాపారంలోకి దిగారు. ఎండ ముదరకముందే అంబలి గంజు ఖాళీ అయ్యేది.

అయినా బిపనాకు నిలకడ లేదు. బండి చాలదు, సీసాల్లో అమ్మాలి. కోదాడ చాలదు, సూర్యాపేటకు పోవాలి.

"ఉరుకుడెందుకే పిల్లా? ఎవలన్న తరుముతున్నరా?" అనేది శాంతాబాయి.

ఎవరూ తరమడం లేదు. ఆ సంగతే ఆమె మనసు నమ్మేది కాదు.

ఆ ఎండాకాలం సూర్యాపేటలో దేవేందర్ అనే ఆయన పెద్ద మార్ట్ తెరుస్తున్నాడు. భూములున్న కుటుంబం, ఊళ్లో పలుకుబడి. కోదాడలో బండి దగ్గర ఆగి ఓ గ్లాసు తాగాడు. ఓపెనింగ్‌కి వచ్చినవాళ్లందరికీ సీసాలు పంచుదామన్నాడు, జనానికి నచ్చితే రోజూ షాపులో పెడతానన్నాడు. ఒక్క మాట మాత్రం తెగేసి చెప్పాడు.

"లేబుల్ మీద శాంతాబాయి ఫోటో వెయ్యి. తెలంగాణ అమ్మ చేతి అంబలి అని రాయి. నువ్వు మాత్రం గాడ కనవడకు. నేపాలోళ్లంటే మోమోలే అనుకుంటరు జనం. అంబలి అంటే నమ్మరు. ఏమనుకోకు."

"అనుకునుడు ఏముంది సార్, వ్యాపారం గదా," అని బిపనా నవ్వింది. గదికి వచ్చాక మాత్రం అన్నం సహించలేదు.

"నా మొకం ఎందుకు? సగం పని నీదాయె," అంది శాంతాబాయి.

"ఊకో అక్కా. ఒక్కసారి షాపుల పడితే సాలు."

ఓపెనింగ్ రోజు సీసాలు, అమ్మకానికి నాలుగు పిండి సంచులు ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని కోదాడ నుంచి బయల్దేరారు. మునగాల దగ్గర టైరు పంక్చరైంది. స్టెపినీలో గాలి లేదు. డ్రైవర్ టైరు పట్టుకుని ఎవరి బైకు మీదో పోయాడు, ఎంతకీ రాడు. రోళ్లు పగిలే ఎండ. బిపనా ట్రాలీ చుట్టూ తిరుగుతూనే ఉంది. రోడ్డుకేసి చూస్తుంది, ఫోను చూస్తుంది, సీసాలు తడుముతుంది. సీసాల మధ్య పెట్టిన ఐసు ఎప్పుడో కరిగిపోయింది. ఉన్నట్టుండి ఒక మూత ఠప్పున ఎగిరి నురగ పొంగింది. ఇంకోటి విప్పి వాసన చూసింది. పులుపు కాదది, పాడైన వాసన. శాంతాబాయి చుక్క నాలుక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మేసింది.

బిపనా దేవేందర్‌కు ఫోన్ చేసింది. "అంబలి ఖరాబైంది సార్."

"అంబలంటేనే పుల్లగ ఉంటది. ఐసుల పెడ్తే ఎవలకు తెలుస్తది? పెద్దమనుషులు వస్తున్నరు, జల్ది తీస్కరా."

ఫోన్ పెట్టేశాక ఆమె కాళ్లు మొదటిసారి ఆగాయి. ఈ ఒక్కరోజు గట్టెక్కితే షాపులో చోటు ఖాయం. కానీ తాగినవాళ్లు దవాఖాన పాలైతే? సీసా మీదున్నది శాంతాబాయి మొహం. తనైతే బట్టలు సర్దుకుని ఇంకో ఊరు చూసుకుంటుంది. తాతల నాటి తండా వదిలి శాంతాబాయి ఎక్కడికి పోతుంది?

బిపనా మూతలు విప్పి సీసాలన్నీ రోడ్డు పక్క కాలువలో గుమ్మరించడం మొదలుపెట్టింది. శాంతాబాయి వచ్చి పక్కన కూర్చుని తనూ ఒంపింది.

ఆ పక్కనే ఓ దాబా ఉంది. బిపనా లోపలికి పోయి పొయ్యి అడిగింది. దాబా యజమాని ఇద్దరినీ ఎగాదిగా చూసి, "మధ్యాహ్నం గిరాకీ లోపల ఖాళీ చెయ్యాలె," అన్నాడు. పిండి కలిపి, పెద్ద గంజులో జావ కాచారు. గంజును నీళ్ల తొట్టిలో దించి చల్లార్చారు. దాబాలోని పెరుగే చిలికి పోశారు. టైరు వచ్చేసరికి ఇద్దరి చీరలూ చెమటకు తడిసి ముద్దయ్యాయి.

దాబా గంజునే ఆటోలో పెట్టుకుని సూర్యాపేట చేరేసరికి రిబ్బన్ కటింగ్ అయిపోయింది. దేవేందర్ మొహం జేవురించింది.

"సీసాలేవి? లేబులేది?"

"పారవోసిన సార్. ఇది అంబలి గాదు, ఇప్పుడే కాచిన జావ. నేనే పోస్త."

"నిన్ను కనవడొద్దన్న గదా!"

ముందు వరస కుర్చీలో కూర్చున్న అతని తల్లి కమలమ్మ చెయ్యి చాపింది. "పంచాయితి తర్వాత పెట్టుకోండ్రి. గొంతు ఎండుకపోతున్నది. పొయ్యి బిడ్డా."

గ్లాసు మొత్తం తాగి, మూతి తుడుచుకుని అడిగింది. "ఏ ఊరు మీది?"

మిర్యాలగూడ అని చెప్పి తప్పుకోవడం బిపనాకు అలవాటే. ఈసారి నోరు వేరేగా తిరిగింది. "పుట్టింది నేపాల్ల అమ్మమ్మా. పెరిగింది మిర్యాలగూడల."

"గాడ గూడ తైదలు తింటరా?"

"తింటం. చుట్టాలొస్తే దాచిపెడతం."

కమలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మేం గూడ గంతే! కాలువ నీళ్లొచ్చి వరి పండినంక తైదలు ఇంట్ల ఉన్నయని చెప్పనీకె సిగ్గయ్యేది." ఇంకో గ్లాసు అడిగింది. ఆమెను చూసి మిగతావాళ్లూ లేచారు. గంజు అడుగు కనిపించేదాకా బిపనా పోస్తూనే ఉంది. దేవేందర్ మాత్రం అటు తిరిగి చూడలేదు. మార్ట్‌లో చోటూ ఇవ్వలేదు, మళ్లీ ఫోనూ చెయ్యలేదు.

బిపనా సీసాల ఆలోచన మానుకుంది. కోదాడ బండి శాంతాబాయికి అప్పజెప్పి, సూర్యాపేట మార్కెట్ యార్డు గేటు దగ్గర రెండో బండి పెట్టింది. వడ్లు తెచ్చిన రైతులు, హమాలీలు నిలబడి తాగుతారు. ఏ ఊరని అడిగినవాళ్లకు చెబుతుంది. కొందరు గ్లాసు దించి పోతారు. ఎక్కువమంది మర్నాడు మళ్లీ వస్తారు.

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు శాంతాబాయి చూసిపోదామని వచ్చింది. బిపనా గ్లాసులు కడుగుతూనే అడిగింది.

"అక్కా, హుజూర్‌నగర్ బస్టాండు కాడ జాగా ఉందంట. పొయ్యి సూసొద్దామా?"

"ముందు కూసోవే తల్లీ," అని శాంతాబాయి ఆమె చెయ్యి పట్టి స్టూలు మీదికి లాగింది.

బిపనా కూర్చుంది. గేటులోకి ఇంకో ట్రాక్టరు వచ్చేదాకా.