రోడ్డెక్కిన సామాను

బసవపున్నయ్య మిరప కల్లం నుంచి బండి మీద వచ్చేసరికి, తన మేడ మీద అద్దెకుంటున్న వాళ్ల సామాను రోడ్డు మీద ఉంది.

బ్రేకు గట్టిగా నొక్కాడు. బండి పక్కకి జారింది.

జూలూరుపాడు సెంటర్‌కి కూతవేటు దూరంలో, పదిమందీ చూసే చోట, ఓ దుప్పటి మీద గిన్నెలు, బొమ్మలు, బూట్లు, గోడ గడియారం. చుట్టూ జనం. మధ్యలో నేల మీద కూర్చుని హెంక్, అతని భార్య మార్లీస్, తొమ్మిదేళ్ల కూతురు ఫెమ్‌కే. హెంక్ చెరువుల మరమ్మతు పథకం కోసం హాలండ్ నుంచి వచ్చిన ఇంజనీరు. ముగ్గురి ఒంటి మీదా కాషాయం.

బసవపున్నయ్యకి పాత రోజులు గుర్తొచ్చాయి. తెనాలి వైపు నుంచి ఈ ఊరొచ్చిన కొత్తల్లో ఇంటి యజమాని ఇలాగే ఆయన సామాను రోడ్డు మీద పడేయించాడు. వానలో బియ్యం బస్తా తడిసిపోతుంటే భార్య నిర్మలాదేవి చంటిపిల్లాణ్ణి కొంగు కింద దాచుకుని నిలబడింది. సొంత మేడ కట్టుకున్న నాడే ఒట్టేసుకున్నాడు, తన గడప లోంచి ఎవరి సామానూ రోడ్డెక్కకూడదని.

ఇది కచ్చితంగా కొడుకు పనే. పై వాటాలో ఇంటర్నెట్ సెంటర్ పెడతానని మురళీకృష్ణ కొన్నాళ్లుగా ప్రాణం తీస్తున్నాడు.

"ఒరేయ్ మురళీ!"

మురళీకృష్ణ నోట్లో బ్రష్‌తోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏం వాగావురా వాళ్లతో? ఖాళీ చేయమన్నావా?"

"నేనా? నీ మీద ఒట్టు నాన్నా! రాత్రి కూడా వాళ్లతో క్యారమ్స్ ఆడాను."

"మరి ఆ సామానేంటి?"

మురళీకృష్ణ అటు చూశాడు. నోట్లో బ్రష్ జారి కింద పడింది.

టీకొట్టు ముత్యాలు మెల్లగా దగ్గరికొచ్చాడు. "పోరణ్ణి ఏమనకన్నా. గాళ్లు సన్యాసం తీస్కున్నరు."

"ఏందీ?"

"అవ్. బట్టలు సూడరాదు. ఉన్నదంతా ఇడిసిపెట్టి సక్కగ భద్రాచలం పోతరట."

"ఎవరు చెప్పారు?"

"ఒకలు జెప్పాల్నా? కనవడ్తలేదా?"

తండా నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే సక్రి గంప దించి బుగ్గ నొక్కుకుంది. "పెద్దోళ్లు పోతే పోనీ. గంత చిన్న పిల్లకు సన్యాసమేందయ్యా? నువ్వన్న జెప్పు."

బసవపున్నయ్య జనాన్ని తోసుకుని వెళ్లి హెంక్ ముందు గొంతుక్కూర్చున్నాడు. "హెంకయ్యా, మా వల్ల ఏదన్నా పొరపాటు జరిగిందా? ఎన్నేళ్లైనా ఉండండి. ఇంత పని చేయకండి."

"బాగుంది, బాగుంది," అన్నాడు హెంక్ నవ్వుతూ. అతనికి వచ్చిన తెలుగు అంతే. ఆ నవ్వు చూసి బసవపున్నయ్యకి ఉన్న కాస్త ఆశా పోయింది.

"తాతా, గట్ల మాట్లాడుతవేంది?" ఫెమ్‌కే పకపకా నవ్వింది. ఆ పిల్ల తెలుగు మాత్రం అచ్చం జూలూరుపాడు గల్లీల్లో నేర్చుకున్నదే. "ఇయ్యాల మా రాణి పండుగ. మా దేశంల అందరు గీ రంగే ఏస్కుంటరు, రాణోళ్ల వంశం రంగిది. పిల్లలం పాత సామాను రోడ్డు మీద పెట్టి అమ్ముకుంటం."

"అమ్ముకోవడమే పండగా?"

"అవ్. మస్తుంటది."

బసవపున్నయ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అంతలోనే ఫెమ్‌కే మొహం చిన్నబోయింది. "గని తాతా, పొద్దటి సంది ఒక్కటి గూడ పోలే. ఎవ్వరు ముట్టుకుంటలేరు. మా ఊర్ల అయితే గీపాటికి దుప్పటి ఖాళీ."

ఆయన లేచి నిలబడ్డాడు. "పండగంటయ్యా! రండి, కొనుక్కోండి!"

ఒక్కరూ కదల్లేదు.

"నువ్వంటవ్ లే అన్నా," అన్నాడు ముత్యాలు. "ఇంటి సామాను రోడ్డు మీద అమ్ముకునుడు పండుగెట్లయితది? చెడినోళ్ల వస్తువు ఇంట్లకెట్ల తెచ్చుకుంటం?"

జనం ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు. ఫెమ్‌కే తలొంచుకుని బొమ్మల్ని అట్టపెట్టెలో సర్దసాగింది. మార్లీస్ కూతురి వీపు మీద చెయ్యేసింది.

బసవపున్నయ్య గబగబా ఇంట్లోకెళ్లాడు. టేబుల్ ఫ్యాను ఒక చేత్తో, ఇస్త్రీపెట్టె ఇంకో చేత్తో పట్టుకుని, చంకలో రేడియోతో బయటికొచ్చాడు. అన్నీ దుప్పటి మీద పెట్టి, పంచె ఎగ్గట్టి ఫెమ్‌కే పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ముత్యాలు నోరు తెరిచాడు. "ఓర్నీ! నువ్వు గూడ చెడినవా అన్నా?"

"ఈ ఊళ్లో నా సామాను రోడ్డెక్కడం ఇది రెండోసారి. అప్పుడు ఎవడో పడేశాడు. ఇప్పుడు నేనే మోసుకొచ్చా. చెడినవాడిలా కనిపిస్తున్నానా?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ముత్యాలు వంగి ఇస్త్రీపెట్టె ఎత్తి చూశాడు. "కాలుతదా?"

"నీ చెయ్యి పెట్టి చూడు."

సక్రి చిన్న వానకోటు అందుకుంది. "నా మనవరాలికి సరిపోతది. పాతదే గదా, సగానికియ్యి బిడ్డా."

"సగానికెట్లిస్త పెద్దమ్మా? నాకు గిట్టద్దా?" అంది ఫెమ్‌కే, నడుం మీద చేతులు పెట్టుకుని.

ఇక ఆగలేదు. బూట్లు పోయాయి, గడియారం పోయింది. అర్థం కాకపోయినా ప్రతి బేరానికీ హెంక్ "బాగుంది" అంటూనే ఉన్నాడు. మురళీకృష్ణ ఇంట్లోంచి కరెంటు వైరు లాగి, ఫ్యాను తిరుగుతుందని జనానికి నిరూపిస్తున్నాడు.

అప్పుడొచ్చింది నిర్మలాదేవి. "ఏమండీ, నా ఇస్త్రీపెట్టె కనపడటం లేదు."

బసవపున్నయ్య టీకొట్టు వైపు చూశాడు. "అమ్మేశా."

"ఎంతకి?"

చెప్పాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. కొంగు నడుం చుట్టూ బిగించింది. "అంతకేనా! జరగండి అవతలికి."

ఆయన జరిగాడు.