టాకాల మీద నిలిచిన రెయిలింగ్

ఆ వెల్డింగు షెడ్డులో ఆమెను అందరూ సుద్దమ్మ అనే పిలుస్తారు. కట్టుకున్న మొగుడూ అంతే. సుద్దముక్క చేతిలో లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు మరి. బాల్కనీ రెయిలింగయినా, తోట చుట్టూ కంచయినా, ముందు ఆమె గచ్చు మీద అసలు కొలతల్లో గీయాల్సిందే. ఆ గీతల మీద పైపులు పరిచి మొగుడో, మరిదో అతికిస్తారు. అన్నదమ్ములిద్దరిదీ చేతిపని, బుర్ర మాత్రం ఆమెదని చుట్టుపక్కల షెడ్లవాళ్లు ఏడిపిస్తుంటారు. అందులో అబద్ధమేం లేదు లెండి.

ఆ షెడ్డుకో కట్టుబాటుంది. ఇనుమును ముందు టాకాలేసి నిలబెడతారు. టాకా అంటే బఠాణీ గింజంత అతుకు, బట్టకి కచ్చా కుట్టు లాంటిది. సైటులో వంకరలేమీ లేవని చూసుకున్నాకే పూర్తి వెల్డింగు. అందాకా ప్రతి టాకా పక్కనా సుద్దతో ఓ ఇంటూ గుర్తు పెడతారు. పూర్తి వెల్డింగు ఎవరు చేస్తే వాళ్లే ఆ గుర్తు తుడవాలి. గుర్తుంటే పని మిగిలుందన్నమాట, లేకపోతే అయిపోయిందన్నమాట. అన్నదమ్ములు చెరో సైటుకి పరుగెడుతుంటారు కాబట్టి, వాళ్ల మధ్య నోటిమాట కన్నా ఆ గుర్తుకే విలువెక్కువ. ఆ పద్ధతి పెట్టింది కూడా సుద్దమ్మే.

ఆ మధ్యాహ్నం ఆమె గచ్చు మీద వంగి ఓ తోట కంచె గీస్తోంది. కిందంతా పిల్లి దూరనంత దగ్గరగా ఊచలు, పైన తీగ పాకడానికి వంపులు. అన్నదమ్ములిద్దరూ పక్కనే అన్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు.

"అన్నయ్యా, అక్క ఇంటి బాల్కనీ పని భలే చేశావట. పెయింటు పడ్డాక మెరిసిపోతోందని ఇందాకే ఫోన్లో ఒకటే మురిపెం," అన్నాడు మరిది.

"నేనేం చేశాను? టాకాలేసి నిలబెట్టి వచ్చానంతే. వెల్డింగు కొట్టింది నువ్వేగా."

"నేనెక్కడ కొట్టాను? గేటు దాకా వెళ్లి తలెత్తి చూస్తే ఒక్క గుర్తూ కనబడలేదు. నువ్వే కానిచ్చేశావనుకుని అట్నుంచటే బండి తిప్పేశాను."

మొగుడు ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపేశాడు. "మర్నాడు నేనూ గేటు దగ్గర్నించే చూశాను. గుర్తుల్లేవు. సరే, తమ్ముడు చేసేశాడని పెయింటర్ని పంపేశాను."

నల్లటి ఇనుము మీద తెల్లటి ఇంటూలు వీధిలోంచే కనబడతాయి. మేడెక్కి చూడాల్సిన పనే లేదు. ఆ రోజు అవి కనబడకపోవడానికి కారణం ఏమిటో ముగ్గురిలో ఒక్కళ్లకే తెలుసు. సుద్దమ్మ చేతిలో ముక్క పుటుక్కున విరిగింది.

"నేనే తుడిచాను," అంది.

ఇదంతా డిజైన్ దగ్గర మొదలైంది. మొగుడి అక్క, అంటే సుద్దమ్మకి వదిన, కొత్తిల్లు కట్టుకుంది. ఫోన్లో బొమ్మలు చూపించి, నిచ్చెన మెట్లలా అడ్డంగా పైపులుండే రెయిలింగే కావాలని పట్టుబట్టింది. "అడ్డపైపులొద్దు వదినా, మీ బుడ్డోడు ఎక్కేస్తాడు. నిలువు ఊచలు పెట్టించుకో," అంది సుద్దమ్మ. "గచ్చు మీద నాలుగు గీతలు గీసినంత మాత్రాన నువ్వు ఇంజనీరువైపోయావా?" అంది వదిన. పైపు పల్చన, ఊగుతుందని సుద్దమ్మ అనేసరికి, షెడ్డులో పెట్టిన నమూనా మీదకెక్కి మరీ ఊగి చూపించింది మహాతల్లి! ఆవిడ తత్వమే అంత. ఏది వద్దంటే అదే చేసి చూపించాలి. మొగుడు మధ్యలో దూరి, "అక్క ఇల్లు, అక్క ఇష్టం" అని తేల్చేశాడు. ఆ రోజు నించీ సుద్దమ్మకి వదినతో మాటల్లేవు, మొగుడితోనూ అంతంత మాత్రమే.

కానీ ఎన్నాళ్లని బిగదీసుకుంటుంది? రెయిలింగు నిలబెట్టిన మర్నాడు తనే తగ్గి వదిన ఇంటికి వెళ్లింది. "ఈ పిచ్చిగీతలేంటే, బడిపిల్లలు పాడుచేసిన గోడలా! మా అత్తగారు చూస్తే ఏమనుకుంటారు?" అని వదిన మొహం ముడుచుకుంది. ఇంతమాత్రానికి మళ్లీ మాటెందుకు పడాలి, తుడిచేస్తే మనసు కాస్త కరుగుతుందేమో అనుకుని, తడిగుడ్డ తీసుకుని ఒక్కో గుర్తూ తుడిచేసింది. ఇంటికెళ్లి మొగుడికి చెబుదామనుకుంది. ఆయన అటు తిరిగి పడుకుంటే తనూ ఇటు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి ఆ సంగతే మర్చిపోయింది.

"ఇవాళ అక్క ఇంటికి అత్తవైపు వాళ్లంతా వచ్చారు కదా!" అన్నాడు మరిది.

మొగుడు అక్కకి ఫోన్ చేశాడు. రెండు రింగులకే కట్టయింది. బావకి చేశాడు. అదీ కట్టే. ముగ్గురూ చేతులైనా కడుక్కోకుండా వ్యాను ఎక్కేశారు. మొగుడు ఆమె వైపు చూడకుండా వ్యాను తోలుతున్నాడు. తిట్టినా బాగుండును అనిపించింది సుద్దమ్మకి. కచ్చా కుట్టు మీద నిలబడ్డ రెయిలింగు, దానికానుకునే మనుషులు, కిందేమో నాపరాళ్లు పరిచిన వాకిలి. భగవంతుడా, ఎవరూ బాల్కనీలోకి వెళ్లకుండా చూడు తండ్రీ అని లోపల్లోపలే మొక్కుకుంది.

దేవుడికి ఆ రోజు వేరే పనులున్నట్టున్నాయి. గేటు ముందు వ్యాను ఆగేసరికి బాల్కనీ నిండా మనుషులే. నట్టనడుమ వదిన, రెయిలింగుకి వీపు ఆనించి, చంకలో బుడ్డోడితో పట్టుచీరలో నిలబడింది. ఆవిడ పక్కన అత్తగారు మోచెయ్యి రెయిలింగు పైపట్టె మీద పెట్టుకుంది. అటూ ఇటూ ఇంకో నలుగురు. బావ గుమ్మంలో నిలబడి ఫోను పైకెత్తి, "ఇంకొంచెం వెనక్కి! అమ్మా, నువ్వు కూడా!" అంటున్నాడు.

మరిది నోరు తెరవబోయాడు. సుద్దమ్మ చటుక్కున వాడి నోరు మూసేసింది.

"అరవకు నాయనా! అరిస్తే ఏమిటా అని అందరూ ఒక్కసారే వంగి చూస్తారు."

"నువ్వు వాకిట్లో ఎవర్నీ ఇటు రానివ్వకు," అని వాడికి చెప్పి, మొగుణ్ణి వెంటబెట్టుకుని మెట్లెక్కింది. గుమ్మం దగ్గర బావని తప్పించుకుని తల లోపలికి పెట్టి, గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకుంది.

"వదినా, ఒక్కసారి లోపలికొస్తావా? నీతో ఓ మాట."

వదిన ఎగాదిగా చూసింది. "పిలవకుండానే వచ్చావా తల్లీ! ఏ మాటైనా ఇక్కడే అను. అందరూ నావాళ్లేగా."

నిజం చెప్పేద్దామా? నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రెయిలింగు వెల్డింగు కాలేదని అంటే ఈవిడ ఏం చేస్తుందో సుద్దమ్మకి తెలియనిదా? "మళ్లీ మొదలెట్టావా నా రెయిలింగు మీద ఏడుపు!" అని రెండు చేతులా పట్టుకుని ఊపి చూపిస్తుంది. షెడ్డులో ఊగిన ఊగుడు కళ్లముందు మెదిలింది.

"పొయ్యి మీద ఏదో మాడుతోంది వదినా!"

"పొయ్యే వెలిగించలేదు. టీ ఫ్లాస్కులో ఉంది."

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. సుద్దమ్మ నవ్వుతున్నట్టే మొహం పెట్టి చేతులు చాచింది. "పోనీ బుడ్డోణ్ణి ఇలా ఇవ్వు. ఎన్నాళ్లైందో ఎత్తుకుని."

"నువ్వేం ఎత్తుకోనక్కర్లేదు," అంటూ వదిన పిల్లాణ్ణి అటు చంకకి మార్చుకుని, బరువంతా వెనక్కి వేసింది. కిర్రుమని చిన్న చప్పుడైంది.

"కొత్తది కదా, సర్దుకుంటుంది," అంది అత్తగారు.

బతిమాలితే ఈ మనిషి కదలదు. కదిలించే మాట ఒకటుంది. ఆ మాట సుద్దమ్మ కడుపులో ఏళ్ల తరబడి పడి ఉంది. బుడ్డోడు పుట్టకముందు, ఓ ఎండాకాలం, వదిన పెట్టె పట్టుకుని తమ్ముడింటికి వచ్చేసింది, ఇక ఆ మొగుడి గడప తొక్కనని. ఒక్కో రాత్రి సుద్దమ్మ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. అత్తగారికి మాత్రం తమ్ముడి చెయ్యి కాలింది, చూసుకునే దిక్కు లేదు అని కబురు పంపారు. ఎండాకాలం పోయాక బావ వచ్చి నచ్చజెప్పి తీసుకెళ్లాడు. అసలు సంగతి అత్తగారికి ఈ రోజుకీ తెలియదు. చచ్చినా బయటపెట్టనని సుద్దమ్మ మాటిచ్చింది. ఇచ్చిన మాట ఇన్నేళ్లూ ప్రాణంలా కాచుకుంది.

"వదినా," అంది. ఈసారి గొంతు పెంచింది. "తమ్ముడి చెయ్యి కాలిందని ఎండాకాలమంతా మా ఇంట్లో ఉన్నావు చూడూ. ఆ చెయ్యి అసలు కాలిందా?"

వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంటే వాగుతున్నావు?"

"వాగుడు కాదు, ఎందుకొచ్చావో మీ అత్తగారి ముందు చెప్పనా, లేకపోతే నువ్వే చెబుతావా?"

"నోర్ముయ్!"

వదిన రెయిలింగు వదిలి రివ్వున వచ్చింది. చంకలో పిల్లాడితో సహా మీద పడి నోరు మూయబోయింది. సుద్దమ్మ ఒక్కో అడుగూ హాల్లోకి వెనక్కి వేసింది, అంటూనే ఉంది. "ఎందుకు మూసుకోవాలి? పెట్టె పట్టుకుని వచ్చినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?" ఒక్కో మాటా అంటుంటే తన గుండెలోనే దిగబడుతోంది. అయినా ఆపలేదు. ఇంట్లో గొడవ జరుగుతుంటే బాల్కనీలో నిలబడి ఫోటో దిగేవాళ్లు లోకంలో ఎక్కడా ఉండరు. నలుగురూ తోసుకుంటూ హాల్లోకి వచ్చేశారు. అత్తగారు మాత్రం మోకాళ్ల నొప్పులతో మెల్లగా, పట్టెనే ఊతంగా పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తోంది. ఆవిడ చెయ్యి రెయిలింగు వదిలి గుమ్మం పట్టుకునే దాకా సుద్దమ్మ కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి.

చెంప ఛెళ్లుమంది. వదిన కొట్టింది. సుద్దమ్మకి నొప్పి తెలియలేదు.

మొగుడు ఒక్క అంగలో బాల్కనీలోకి వెళ్లి, గోడ పట్టుకుని, రెయిలింగుని అరచేత్తో తోశాడు. గట్టిగా కూడా కాదు. కొత్త పెయింటు పటపటమని చిట్లింది. నిలువు పైపులు కింద గచ్చుకి బిగించిన ఇనుప ప్లేట్ల మీంచి ఒకదాని తర్వాత ఒకటి ఊడిపోయాయి. ఆ చివర్నించి ఈ చివరికి మొత్తం బయటికి ఒరిగి, నాపరాళ్ల మీద పడ్డ చప్పుడుకి ఇల్లు అదిరింది. బుడ్డోడు కెవ్వుమన్నాడు. కిందనించి మరిది, "ఎవరికీ ఏం కాలేదు!" అని కేకేశాడు.

అందరికన్నా ముందు నోరు తెరిచింది అత్తగారే. పెద్దవాళ్లకి ఏ మాట ఎక్కడ ఆగిందో బాగా గుర్తుంటుంది.

"అయితే, ఆ చెయ్యి కాలలేదా?"

మొగుడు చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఆవిడ ముందు చాచాడు. వెల్డరు చేతులు. నిప్పురవ్వలు పడి కమిలిన మచ్చలు, ఒకదాని మీద ఒకటి, మణికట్టు దాకా. "ఇందులో ఆ ఏటిది ఏదో మీరే వెతుక్కోవాలి అత్తయ్యగారూ. మాకైతే గుర్తులేదు."

"అయ్యో నాయనా!" అని ఆవిడ ఆ చేతులు తడిమి, మరి అడగలేదు. బావ తలొంచుకుని ఆవిణ్ణి లోపలి గదిలోకి నడిపించుకెళ్లాడు.

"వీళ్ల తప్పేం లేదు. గుర్తులు తుడిచింది నేను," అంది సుద్దమ్మ. ఏడుపు అప్పటికి బయటపడింది.

"తుడిపించింది నేను," అంది వదిన, గోడకేసి చూస్తూ.

చుట్టాలు ఒక్కొక్కరే కిందకి జారుకున్నారు, పడ్డ ఇనుము చూడటానికి. వదినామరదళ్లిద్దరే మిగిలారు. బాల్కనీ గుమ్మంలోంచి అడ్డూ ఆపూ లేని ఆకాశం కనబడుతోంది. వదిన అటు చూస్తూనే అడిగింది.

"నేను కదలకపోయుంటే చెప్పేసేదానివా?"

"చెప్పేదాన్నే."

"మొత్తం?"

"మొత్తం."

వదిన తలూపింది. "ఇక నీకు ఏ మాటా చెప్పుకోనే," అంది. అందులో కోపం లేదు, అదే సుద్దమ్మకి ఎక్కువ గుచ్చుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో వదిన దగ్గరికొచ్చి, వెక్కుతున్న బుడ్డోణ్ణి ఆమె చేతుల్లో పెట్టేసింది.

"పట్టుకో. నా చేతులు వణుకుతున్నాయి."

సుద్దమ్మవీ వణుకుతున్నాయి. వాణ్ణి రొమ్ముకి అదుముకుని, గోడకానుకుని గచ్చు మీదే చతికిలబడిపోయింది.