జలరాశిలో పుట్టినోడు

గిరి అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని నడిస్తే, అడుగున నీళ్ళున్న చోట అది నిలువుగా లేచి నిలబడుతుందని మడకశిర చుట్టుపక్కల ఇరవై ఊళ్ళ నమ్మకం. లేచిన చోటే ఆ కాయను కొడితే బోరు పాయింటు ఖాయం. ఎందుకు లేస్తుందని కొత్తవాడెవడైనా అడిగితే, జవాబుకు ఎవరూ తడుముకోరు. "పుష్యమాసం పున్నమికి పుట్టినాడప్పా. కర్కాటక రాశి. చంద్రుడు సొంతింట్లో కూచోనుండాడు. అది నీళ్ళ ఇల్లు. ఇంగ నీళ్ళు యాడికి పోతాయి?"

ఆ చంద్రుడే గిరికి గుణం కూడా ఇచ్చాడు. చిన్నప్పుడు గొర్రెపిల్ల చచ్చిపోయిందని ఏడిస్తే, కర్కాటకం కదా, వెన్న మనసు అన్నారు. ఏడవకపోతే, లోపలే దిగమింగుకుంటాడు, కర్కాటకం అన్నారు. హాస్టల్ నుంచి పారిపోయి వస్తే, తల్లిని విడిచి ఉండలేడు, రాశి అట్లాంటిది అన్నారు. అక్కడి అన్నంలో పురుగులున్నాయని అతను చెప్పిన మాట ఎవరికీ గుర్తు లేదు. నలభై ఏళ్ళు వచ్చేసరికి తన మనసేదో, ఊరు కుట్టించి తొడిగిన మనసేదో అతనికే తెలియకుండా పోయింది.

నీళ్ళు పడని బోర్లకూ చంద్రుడే సమాధానం. "ఆ పొద్దు చంద్రుడు నాకు ఎనిమిదో ఇంట్లో ఉండె. చంద్రాష్టమం. చూసుకోకపోతిమి" అనేవాడు గిరి. రైతు తలాడించేవాడు. ఈశ్వరప్ప అట్లా మూడుసార్లు తలాడించాడు. మూడు బోర్లలోనూ తెల్లటి రాతిపిండి తప్ప ఏమీ రాలేదు. పొలం అమ్ముకుని ఇప్పుడు బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చుంటున్నాడు.

ఈ రోజు తిప్పయ్య వంతు. ఉన్న బోరు వేసవికి ముందే ఎండిపోయింది. గిరి పాయింటు చూపించగానే వ్యాపారి ఆంజనేయులు వచ్చి ముప్పై గొర్రెలనూ కొని బండికెక్కించుకుంటాడు, ఆ డబ్బుతో రేపు బోరుబండి దిగుతుంది. నీళ్ళు పడకపోతే తిప్పయ్యకు చేనూ ఉండదు, మందా ఉండదు.

పొద్దున గిరి సంగటి తింటుంటే తల్లి సుంకమ్మ ఎదురుగా కూర్చుని శెనిక్కాయలు ఒలుస్తోంది.

"తిప్పయ్య గొర్రెలన్నీ అమ్మేస్తాడంట గదా" అంది. "నువ్వు గూడా గొర్రెల్లోనే పుట్టినావురా. కుందుర్పి దావన మంద తోలుకోని పోతాంటిమి. కోడి కూసేయాలకు నొప్పులొచ్చె. కారు చీకటి. చంద్రుడు అప్పుడే మునిగిపోయినాడు. మీ నాయన అగ్గిపుల్లలు గీసి గీసి, నీ బొడ్డు యాడుండాదో ఎతుక్కున్యాడు."

గిరి చేతిలో ముద్ద ఆగిపోయింది. గొర్రెలు కాసినవాడికి ఆకాశం గురించి పంచాంగం చెప్పక్కర్లేదు. పున్నమి చంద్రుడు తెల్లారేదాకా మునగడు.

"పున్నమి పొద్దు చీకటెట్లుంటాదిమ్మా?"

"పున్నమి యాడిదిరా? పున్నమికి మనం ఇల్లు చేరింది. రెండు దినాలు నిన్ను కంబళిలో సుట్టుకోని నడిసినా."

"మరి జాతకంలో పున్నమని రాసుండాది?"

"పురిటి మైల ఇంటికి తెలిసిన పొద్దు నుంచి గదా లెక్క. మీ అవ్వ అట్లే పదకొండు దినాలు లెక్కబెట్టి అయ్యవారిని పిలిపిచ్చె. బిడ్డెప్పుడమ్మా అంటే, పున్నమికి అనె. నేను లోపల మంచం మీద ఉంటి. నన్నెవురు అడిగినారు?" సుంకమ్మ ఒక గింజ నోట్లో వేసుకుంది. "రెండు దినాలకు ఏం కొంప మునిగిపాయ ఇప్పుడు?"

రెండు రోజుల్లో చంద్రుడు ఇల్లు మారిపోతాడు. గిరి ఫోన్‌లో జాతకాల యాప్ తెరిచి పుట్టిన తేదీని రెండు రోజులు వెనక్కి జరిపాడు. ఆరుద్ర. మిథున రాశి. వాయు తత్వం. కింద ఒక వాక్యం: 'ఎదుటివారి మనసు ఇట్టే పసిగడతారు, వారు కోరుకునే మాటే వారికి చెబుతారు.'

జలరాశి పోయి వాయురాశి వచ్చింది. దాన్నయినా మింగవచ్చు కానీ, చంద్రుడు చెప్పాడో కంప్యూటరు అల్లిందో, ఆ కింది వాక్యం మాత్రం చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. సంగటి సగంలోనే వదిలి లేచాడు.

చేను దగ్గర తిప్పయ్య టెంకాయ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అతని భార్య తిమ్మమ్మ చేను నడుమ కానుగచెట్టు కింద ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు కూడా పెట్టింది.

"రాప్పా. ఆ చెట్టు కాడ పడితే చేనంతా నీళ్ళు పారతాయి" అన్నాడు తిప్పయ్య. వెంటనే నాలుక కరుచుకున్నాడు. "నీకు చెప్పగూడదులే. నువ్వే చూడు."

"మామా, ఒక మాట. నా జాతకం తప్పు. నేను పున్నమికి పుట్టలేదు. నాది కర్కాటకమే కాదు."

తిప్పయ్య ఒక్క క్షణం చూసి పకపకా నవ్వాడు. "ఇన్నావంటే తిమ్మీ? మన గొర్రెలు పోతాయని వీనికి గుండె నీరై పోతాంది. కర్కాటకమోళ్ళు ఇంతే. ఊరోళ్ళ బాధంతా వీళ్ళకే. నడువప్పా, నడువు."

గిరి నడిచాడు. మూల నుంచి మూలకు రెండుసార్లు తిరిగి కానుగచెట్టు కిందికి వచ్చాడో లేదో, టెంకాయ ఎప్పటిలాగే లేచి నిలబడింది. తిమ్మమ్మ చేతులు జోడించింది.

రాశి మారిపోయిన సంగతి కాయకు తెలియదు. మరి ఇన్నాళ్ళూ దాన్ని లేపిందెవరు?

"మామా, నీ టవలియ్యి" అన్నాడు. కళ్ళకు బిగించి కట్టుకున్నాడు. "నన్ను నాలుగు సుట్లు తిప్పి, చెయ్యి పట్టుకోని చేనంతా నడిపిచ్చు. యాడుండామో చెప్పొద్దు."

తిప్పయ్య అతని ఎడమ మణికట్టు పట్టుకుని తిప్పాడు. నడిపించాడు. కొంతసేపటికి ముసలాయన వేళ్ళు మణికట్టు మీద బిగుసుకున్నాయి. కుడిచేతిలో కాయ లేచింది. గిరి టవలు జరిపి చూస్తే, కానుగచెట్టు.

"కండ్లు గట్టినా లేసె!" తిప్పయ్య గంతేసినంత పని చేశాడు.

"ఇంగోసారి. ఈసారి నన్ను ముట్టుకోవద్దు. నోరు తెరవొద్దు."

మళ్ళీ గంతలు కట్టుకున్నాడు. తనంతట తానే గిరగిరా తిరిగి, దిక్కు తప్పాక నడిచాడు. ఎవరి చెయ్యీ లేదు, ఎవరి ముఖమూ లేదు. చెప్పుల కింద ఎండిన మోళ్ళు పటపటమన్నాయి. కాయ అరచేతిలో నిద్రపోయిన బిడ్డలా బరువుగా పడుకుంది. అటూ ఇటూ ఎంతసేపు తిరిగాడో, చివరికి ఛాతీకి కంపముల్లు గుచ్చుకుంది. చేను అంచు.

టవలు తీసి వెనక్కి చూశాడు. తిప్పయ్యా చూశాడు. గిరి చెప్పుల గుర్తులు ఈసారి తిమ్మమ్మ ముగ్గును నట్టనడిమిన తొక్కుకుంటూ పోయి ఉన్నాయి.

తిప్పయ్య చూపు గిరి కాళ్ళ మీదికి పోయింది.

"చెప్పులేసుకోనుండావు గదా. దానికి" అన్నాడు తిప్పయ్య.

"మొదట లేసినప్పుడు గూడా ఇవే చెప్పులు మామా."

"మరి బయ్యన్నకు నువ్వు చూపిచ్చిన చోటే రెండంగుళాల నీళ్ళు పడె?"

"వాని పొలం చెరువు కింద ఉండాది. గుమ్మడికాయ పట్టుకోని పోయినా పడతాయి."

"అయితే ఈశ్వరప్ప?" అంది తిమ్మమ్మ.

గిరి నోటి దాకా చంద్రాష్టమమనే పాత జవాబు వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

అప్పుడే బొలెరో హారన్ మోగింది. ఆంజనేయులు దిగి, నేరుగా చేను పక్కనున్న గొర్రెల దొడ్డిలోకి పోయి ఒక పొట్టేలు వీపు పిసికి చూసి, "ఏం మామా, ఎక్కిద్దామా?" అని కేకేశాడు.

తిప్పయ్య గిరి ముందుకు చెయ్యి చాపాడు. "కాయ ఇట్లియ్యి. నేనే కొడతా."

"ఇయ్యను."

"నా చేను, నేను తెచ్చిన కాయ. ఇయ్యప్పా!"

గిరి చిన్నపిల్లవాడిలా కాయను వెనక దాచుకున్నాడు. "లేపింది నా చెయ్యి మామా. నువ్వు యాడ లేయాలనుకుంటే ఆడ లేపినా. నాకు తెలీకుండానే లేపినా."

"నీళ్ళు లేవని చెప్పేదానికి నువ్వెందుకురా? ఆ మాట పైనుంచి ఆకాశం చెప్తానే ఉండాది గదా!" అని అరిచాడు ముసలాయన. "నువ్వు ఉండాయని చెప్పల్ల. అందుకు గదా నిన్ను పిలిచింది."

తిమ్మమ్మ దొడ్డికి పోయి ఆంజనేయులును బయటికి రమ్మని, తడిక లాగి తాడు బిగించింది. "ఈ వారం లేదు, పో నాయనా."

"వచ్చేవారం రేటు పడిపోతాదమ్మా."

"పడనీ."

తిప్పయ్య కానుగచెట్టు కింద, చెరిగిన ముగ్గుకు పక్కగా కూలబడ్డాడు. గిరి వైపు చూడకుండానే అన్నాడు: "ఇంగ నా చేన్లో అడుగు పెట్టొద్దు."

గిరి గట్టు దాకా వచ్చి నిలబడ్డాడు. దొడ్డిలో గొర్రెలు మేతకు అరుస్తున్నాయి.

"అత్తా, ఈశ్వరప్ప నెంబరుండాదా నీ కాడ?"

"దేనికి?"

"ఆ పొద్దు చంద్రాష్టమం కాదని చెప్పల్ల."

తిమ్మమ్మ కొంగున కట్టుకున్న ఫోన్ తీసి, కళ్ళకు దూరంగా పట్టుకుని ఒక్కో అంకె చదవసాగింది. గిరి టెంకాయను చంకలో ఇరికించుకుని, తన ఫోన్‌లో నొక్కుకుంటూ పోయాడు.