ఆరని క్షమాపణ

మూడు నెలలకోసారి, గురువారం పొద్దున, హార్బెక్ ఏటి రక్షణ సంఘం వాళ్ళు చర్చి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్ళు కడతారు. సంఘం అధ్యక్షురాలూ, 'ఏటి కబురు' సంపాదకురాలూ అయిన హెస్టర్ బ్రైత్‌వైట్ చేత్తో తిప్పే పాత డూప్లికేటర్ మీద నాలుగొందల కాగితాలు తీస్తుంది. రిటైరైన పోస్ట్‌మన్ ఆల్ఫ్ టిన్‌డల్ వాటిని బట్టల క్లిప్పులతో ఆరేస్తాడు. ఇద్దరూ టీ తాగి, అల్లం బిస్కట్లు నాలుగు తిని, ఇరవై నిమిషాలకు తిరిగొచ్చి ఒక్కో వాక్యం మీద బొటనవేలు రాస్తారు.

నిజమైన వాక్యం సిరా అప్పటికి ఆరిపోయి ఉంటుంది. అబద్ధమైతే ఆరదు. దాన్ని తీసేసి మళ్ళీ అచ్చు వేస్తారు. ఒకసారి ఆల్ఫ్ తను పట్టిన చేప బరువు తనే రాసుకుంటే, ఆ అంకె ఒక్కటీ వారం రోజులు తడితడిగానే ఉండిపోయింది. తప్పు తూకంరాయిదని ఆల్ఫ్ ఇప్పటికీ అంటాడు. ఎందుకు ఆరదని ఊళ్ళో ఎవరూ అడగరు. పాలు విరిగితే ఎందుకు విరిగాయని పాలనే అడుగుతామా?

అయితే ఈసారి గురువారం హాల్లో మూడో మనిషి కూడా ఉన్నాడు. బీమా కంపెనీ తరఫున లీడ్స్ నుంచి వచ్చిన క్లైవ్ ఓట్లీ. పత్రికలు వేసుకునే సంఘాలకు వాళ్ళ కంపెనీ ఒక బీమా ఇస్తుంది. రాసినదాని మీద ఎవరైనా పరువునష్టం దావా వేస్తే లాయరు ఖర్చూ పరిహారమూ అదే భరిస్తుంది. హెస్టర్ ఆరేళ్ళుగా దాన్ని కడుతూనే ఉంది. ఆరేళ్ళకు పీకల మీదికి వచ్చింది.

వచ్చింది లమ్ చీజ్ ఫ్యాక్టరీ నుంచి. మార్చి తొమ్మిది, ఆదివారం నాడు ఏరు తెల్లగా పారింది. చేపలు వెల్లకిలా తేలాయి. ఆ విరుగుడు నీళ్ళు లమ్ ఫ్యాక్టరీ గొట్టంలోంచే వచ్చాయని 'ఏటి కబురు' రాసింది. ఫ్యాక్టరీ యజమాని డెరిక్ లమ్ దావా వేశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఆల్ఫ్ ఊరంతా చాటాడు. దానికి ఇంకో నోటీసు వచ్చింది.

"అప్లికేషన్లో ఒక ప్రశ్న ఉందండీ. అచ్చుకు ముందు నిజానిజాలు ఎలా సరిచూస్తారు అని. మీరు 'ఆరేస్తాం' అని రాశారు," అన్నాడు క్లైవ్, ఫైలు తిప్పుతూ. "మా ఆఫీసులో ఎవరో దానికి టిక్కు కొట్టేశారు. అదేంటో చూద్దామనే ఇంత దూరం వచ్చాను."

హెస్టర్ చెప్పింది. క్లైవ్ ఇరవై రెండేళ్ళుగా సంఘాలను చూస్తున్నవాడు. ఆశ్చర్యపోలేదు కానీ కళ్ళు మెరిశాయి. వానాకాలంలో ఎంతసేపు పడుతుందని అడిగాడు. సగం నిజమైతే సగమే ఆరుతుందా అనీ అడిగాడు.

"మరి ఈ గొట్టం సంగతి మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు నాయనా. ఫ్యాక్టరీ గొట్టమని ఒకటి, పై పొలం గొట్టమని ఒకటి వేశాం. ఫ్యాక్టరీదే ఆరింది."

"చూసినవాళ్ళు? సీసాలో పట్టిన నీళ్ళు? ఫోటో?"

"ఆరిందిగా," అన్నాడు ఆల్ఫ్, ఇంకేం కావాలన్నట్టు.

క్లైవ్ కలానికి మూత పెట్టాడు. కోర్టులో నిరూపించాల్సింది రాసినవాళ్ళే అన్నాడు. జడ్జిగారు ఈ హాలుకొచ్చి వేలితో రాసి చూడరన్నాడు. ఆధారాలు భద్రంగా ఉంచుకోవాలని పాలసీలోనే ఉందనీ, దాన్ని చూసీ చూడనట్టు పోవడానికి కంపెనీని ఎలాగో ఒప్పించాననీ, కానీ ఒక షరతు మాత్రం తన చేతిలో లేదనీ చెప్పాడు. "క్షమాపణతో రాజీకి లమ్ గారు ఒప్పుకున్నారు. ఆ రాజీ మీరు కాదంటే, ఆపైన అయ్యేదంతా మీదే. రిజిస్టరు కాని సంఘం కదండీ. అంటే పోయేది మీ ఇల్లే."

నిజం నిప్పులాంటిదంటారు. సొంతింటికి అంటుకుంటే తెలుస్తుంది ఆ నిప్పు సంగతి. హెస్టర్‌కు డెబ్బై ఒకటి. ఆ ఇంటి గుమ్మంలోంచే రోజూ ఏరు చూస్తుంది. దావా పడ్డప్పటినుంచీ రాత్రుళ్ళు నిద్రలేదు. అక్కడికక్కడే సంతకం పెట్టేసింది, సిగ్గుతో తల దించుకునే పెట్టింది.

ఆ రాజీలో లమ్ ఇంకో మెలిక కూడా పెట్టాడు. క్షమాపణ 'ఏటి కబురు'లోనే, ఈ హాల్లోనే, ఈ యంత్రం మీదే రావాలి. హార్బెక్‌లో ఆరిన కాగితాన్ని తప్ప దేన్నీ నమ్మరని ఊళ్ళో పుట్టినవాడికి తెలుసు. ఆ రోజే పదకొండింటికి తనే వచ్చాడు, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని.

"బాగున్నావా ఆంటీ?" అన్నాడు. చిన్నప్పుడు ఆదివారం బళ్ళో హెస్టర్ దగ్గర చదువుకున్నాడు.

"ఉన్నానురా. నీ దయ."

'మేము రాసింది అబద్ధం. ఆ గొట్టం లమ్ ఫ్యాక్టరీది కాదు. క్షమించగలరు.' ఒక్క కాగితం తీసి ఆరేశారు. ఇరవై నిమిషాలైంది. నలభై అయింది. ఆల్ఫ్ అట్టముక్కతో విసిరాడు. క్లైవ్ హీటరు దగ్గరకు జరిపాడు. గంటకు కూడా వేలు పెడితే నల్లగా అంటుకుంది. లమ్ చొక్కా చేతికీ అంటింది.

"ఏదో మోసం చేస్తున్నారు మీరు," అన్నాడు లమ్.

"యంత్రం నీ ఎదురుగానే ఉంది," అంది హెస్టర్.

క్లైవ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "అలా కాదండీ. ఆరే క్షమాపణ ఏదో ఒకటి ఉండకపోదు. ముక్కముక్కగా వేసి చూద్దాం," అన్నాడు, పజిల్ దొరికిన పిల్లాడిలా. 'మా దగ్గర ఆధారం లేదు' అన్నది చిటికెలో ఆరింది. 'అందుకు విచారిస్తున్నాం' అన్నది ఆరలేదు. హెస్టర్ మొహం తిప్పుకుంది. 'నీళ్ళు పై పొలం నుంచి వచ్చాయి' అన్నది ఆరలేదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి తాడు నిండా కాగితాలు వేలాడుతున్నాయి, పొడివి కొన్ని, తడివి ఎక్కువ.

"నన్ను చెప్పనివ్వండి," అన్నాడు లమ్ చివరికి. గొంతులో నిజంగానే ఉక్రోషం ఉంది. "నా పేరుతోనే వెయ్యండి. 'గొట్టం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఏమీ తెలియదు.' ఇది ఆరకపోతే నన్నడగండి."

హెస్టర్ వేసింది. నలుగురూ తాడు కింద నిలబడ్డారు. ఎవరూ టీకి వెళ్ళలేదు.

మొదటి వాక్యం ఆరింది. లమ్ గెలిచినట్టు నవ్వాడు. రెండోదాని మీద తనే వేలు పెట్టాడు. పెట్టి తీశాడు. మళ్ళీ పెట్టాడు. రెండుసార్లూ వేలికి నల్లగా అంటింది.

"నిజంగానే చెప్పలేదు," అన్నాడు మెల్లగా, ఎవరితోనో తెలియకుండా. "ఆ ముందు శుక్రవారం సాయంత్రం మా ఫోర్‌మన్ వచ్చాడు. తొట్టి అని మొదలుపెట్టాడు. వాడి మొహం చూస్తేనే అర్థమైంది. నిండిపోయిన విరుగుడు నీళ్ళ తొట్టి ఖాళీ చేయించాలంటే రెండ్రోజులు ఫ్యాక్టరీ ఆపాలి. సోమవారం మాట్లాడదాం అన్నాను. వాణ్ణి చెప్పనివ్వలేదు."

క్లైవ్ గబుక్కున లేచాడు. "లమ్ గారూ, మీ లాయరు లేకుండా ఇంకేం మాట్లాడకండి. నేను అవతలివైపు మనిషిని."

"తెలుసు."

ఆల్ఫ్ ఆ కాగితాన్ని తాడు మీంచి తీసి లమ్ చేతికిచ్చాడు. ఇల్లు నిలిచిందని హెస్టర్‌కు అర్థమైంది. సంతోషం రావాలి కదా అనుకుంది. వచ్చింది కూడా, కానీ దానికంటే ముందు జాలి వచ్చింది. ఇన్ని నెలలూ వీడు తనకు తెలియదనే నమ్ముకుంటూ తిరిగాడు. నమ్మకపోతే ఈ హాలు గడప తొక్కేవాడే కాదు.

"దావా తీసేసుకుంటావా డెరిక్? అది చాలు. మిగతాది అచ్చు వెయ్యను, నీ ఇష్టం," అంది.

లమ్ కలం అడిగి, కాగితం మీద రెండో వాక్యం కొట్టేసి, కింద ఇంకొకటి రాసి ఆమె చేతికిచ్చాడు. 'నాకు తెలియకుండా ఉండాలని నేనే చెప్పనివ్వలేదు.' హెస్టర్ కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివింది.

"ఇది ఊరంతా చదువుతుందిరా."

"చదవనీ," అన్నాడు లమ్. మరకపడిన చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి యంత్రం దగ్గరకొచ్చాడు. "నువ్వు జరుగు ఆంటీ. నాలుగొందలూ నేను తిప్పుతాను."