లోపలి చెయ్యి

హనుమాండ్లుకు ఎడమవైపు లోకం పోయిన రోజున అతను చెరువులో మట్టి తవ్వుతున్నాడు. ఎండాకాలం. ఎల్లారెడ్డి చెరువులో నీళ్లు తూము దాకా తగ్గి, నల్లటి ఒండ్రు పెచ్చులుగా పగిలి ఉంది. కుండకు పనికొచ్చే మట్టి పైన దొరకదు, నిలువెత్తు లోతుకు దిగాలి. అతను కింద నుంచి గడ్డలు అందిస్తుంటే, పైన భార్య ఈరవ్వ వాటిని విరిచి, రాళ్లు ఏరి, గంపలో వేస్తోంది.

"ఓ ఈరీ, గీ గడ్డ జూడు. వెన్న లెక్కనే ఉన్నది" అన్నాడు.

ఆమె చెయ్యి చాపింది. గడ్డ చేతికి రాలేదు. గుంత గోడ పెద్ద చప్పుడేమీ లేకుండా జారి అతని మీద కూలింది. చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చి మట్టి తోడి పైకి తీసేసరికి ఊపిరి ఉంది. కుడి చెవి పైన, మట్టిలో దాగిన రాయి తగిలిన చోట, తల పచ్చిగా తెరుచుకుని ఉంది.

బండి కట్టి అడవిదారిన కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు పట్టీ కట్టి, "జాన్ దక్కిందమ్మా. దిమాగుకు దెబ్బ తాకింది. ఎంతమందం తిరిగొస్తదో నేను చెప్పలేను" అన్నాడు. ఈరవ్వ ఆయన చేతులకేసి చూసి దండం పెట్టింది.

ఇంటికొచ్చాక ఎడమ కాలు ఈడ్చేవాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉండేది, ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా. గాలి సోకిందని కొందరన్నారు. ఈరవ్వను ఆశ్చర్యపరిచింది మాత్రం అన్నం పళ్లెం. కుడివైపు మెతుకు మిగలకుండా తిని, ఎడమవైపు అన్నం అట్లాగే వదిలి, "గింత తక్కువ వెట్టినవేందే? కడుపు నిండలే" అనేవాడు. ఎదుట ఉన్నది ఎందుకు తినడో ఆమెకు అంతుబట్టలేదు. ఒకరోజు ఊరికే పళ్లెం తిప్పింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"గిది ఏడికెంచి వచ్చిందే? నీ తాన మంత్రం గిట్ల ఉన్నదా?"

"ఉన్నది. తిను" అంది. అతనికి దెబ్బ తగిలిన తర్వాత ఆమె మొదటిసారి నవ్వింది అప్పుడే.

తర్వాత పరీక్షించి చూసింది. ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో నిలబడితే, "ఈరి ఏడవోయిందో" అని కుడివైపు వెతికేవాడు. కన్ను పోలేదు. ఆకాశంలో గద్దను చూపించేవాడు. పోయింది ఎడమవైపు అంటూ ఒకటి ఉందన్న ఎరుకే. భయం కంటే ముందు ఆమెకు ఆశ్చర్యం కలిగింది. మనిషి తలలో సగం లోకం పట్టేంత చోటు ఉందా, అది ఒక రాయి దెబ్బకు జారిపోయేంత తేలికగా ఉందా అనుకుంది.

మొదట్లో ఆమె ఒక పొరపాటు చేసింది. అతనికి కష్టం కాకూడదని నీళ్ల చెంబు, మంచం, తాను, అన్నీ కుడివైపుకే చేర్చింది. అతను రోజురోజుకూ కుడికే తిరిగిపోయాడు. ఆఖరికి మెడ కూడా అటే బిగుసుకుంది. అది గమనించిన రోజున ఆమె చెంబు తీసి ఎడమకు పెట్టింది. తానూ ఎడమకే కూర్చుంది.

"నీళ్లియ్యవానే? సంపుతవా నన్ను?"

"ఎతుకు. ఈడనే ఉన్న."

తిట్టేవాడు. ఆమె కదిలేది కాదు. మాట వినబడ్డ వైపుకు ముందు గడ్డం కదిలేది, ఆ తర్వాత ఎప్పటికో కళ్లు వచ్చేవి. దొరికినప్పుడు, "నువ్వు గీడనే ఉన్నవా!" అనేవాడు, దూరదేశం పోయొచ్చిన మనిషిని చూసినట్టు. ప్రతిసారీ అంతే ఆశ్చర్యం. ఆమెకు ఆ చూపు పెళ్లినాడు కూడా దక్కలేదు.

వానలు పడ్డాక ఒక పొద్దున అతను పాక్కుంటూ కుండలు చేసే సారె దగ్గరికి పోయాడు. కుమ్మరిండ్లలో ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, బురద మోస్తారు, కుండలు కాల్చే ఆము పేరుస్తారు. సారెను మాత్రం ముట్టరు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈరవ్వ దాని చుట్టూ అలికింది గానీ వేలు ఆనించలేదు. అతను కుడి చేత్తో కర్ర పెట్టి తిప్పాడు. సారె తిరిగింది. ముద్ద లేచింది, పక్కకు వాలింది, కూలింది. కుండకు రెండు చేతులు కావాలి, బయట కుడి, లోపల ఎడమ. మళ్లీ తిప్పాడు, మళ్లీ కూలింది. అతను తల దించుకుని మట్టిని చూస్తూ కూర్చున్నాడు.

ఈరవ్వ కొంగు బిగించి ఎడమ పక్కన కూర్చుంది. సారెకు ఒకసారి మొక్కి, తన ఎడమ చేతిని అతని ఎడమ చేతి చోట పెట్టింది.

లోపలి చెయ్యి ఆమెది, బయటి చెయ్యి అతనిది. మట్టి వాటి మధ్య లేచింది. అతను చూస్తూ చూస్తూ, "ఈరీ, గిది నిండుగున్నదే!" అన్నాడు. ఆమెకు అప్పుడు తెలిసింది. సారె మీద ఎడమ అంటూ నిలవదు, ప్రతి ఎడమా తిరిగి కుడికి వస్తుంది. లోకంలో ఉన్నవన్నీ అతనికి సగమే. ఒక్క కుండ మాత్రం మొత్తంగా కనిపిస్తుంది.

అట్లా నీళ్ల కుండలు, వంటకు చిన్న అటికెలు చేసుకుంటూ బతికారు. ఎక్కడో దేశాలమీద యుద్ధం మొదలైందని కామారెడ్డి మోటారు డ్రైవరు చెప్పిన ఏడాది, కాపుల అనసూయమ్మ తన కూతురి పెళ్లికి ఐరేని కుండలు చేసిమ్మని చెప్పింది. పెండ్లివాళ్లు బాజాలతో వచ్చి కుమ్మరింటి నుంచి తీసుకుపోయే కుండలవి. ఆ ఇంటికి తాతల నాటి నుంచి హనుమాండ్లు ఇంటివాళ్లే ఇస్తున్నారు. దెబ్బ తగిలినాక అతను నోరు తెరిచి కోరింది అదొక్కటే: "ఐరేని నేనే జేస్త."

ఆ రోజు ఇద్దరూ పొద్దున్నే కూర్చున్నారు. ముద్ద లేస్తుండగా హనుమాండ్లు అన్న గంగారాం వాకిట్లోకి వచ్చి, చూసి, ఆగిపోయాడు.

"గిదేందే ఈరవ్వా! సారె మీద ఆడదాని చెయ్యా? అండ్ల ఎడమ చెయ్యి! పెండ్లి కుండలు గివి. నేను జేసిస్త, తమ్మున్ని నీళ్ల కుండలు జేసుకోనీ."

ఈరవ్వ చెయ్యి తియ్యలేదు. తీస్తే కుండ కూలుతుంది.

"నువ్వు లోపల ఏ చెయ్యి వెడుతవు బావా?"

గంగారాం తన ఎడమ చేతికేసి చూసుకున్నాడు. నాలుగు చేతుల మనిషి ఒకడు కుండ చేస్తున్నట్టుంది. అందులో రెండు చేతులు ఊరికే ఉన్నాయి, రెండు ఒకదాని మనసు ఒకదానికి తెలిసినట్టు కదులుతున్నాయి. కుండ మూతి విచ్చుకుంది. పుట్టినప్పటి నుంచి సారె ముందు కూర్చున్న గంగారాం ఆ అంచు గుండ్రాన్ని చూసి ఎడమవైపునే మెల్లగా చతికిలబడ్డాడు. తమ్ముడు తడి చేసుకునే నీళ్ల చిప్ప ఎడమన ఉందని చూసి కుడికి జరపబోయాడు.

"ఆడనే ఉండనీ బావా. ఎతుకుతడు."

హనుమాండ్లు వెతికాడు. దొరికించుకున్నాడు. వేళ్లు తడుపుకుంటూ అప్పుడు అన్నను చూసి, "నువ్వెప్పుడొచ్చినవే అన్నా?" అన్నాడు.

"శానసేపాయె" అన్నాడు గంగారాం. కాసేపటికి లేచి, "అడుగులు గొట్టేటప్పుడు నన్ను విలువు ఈరవ్వా. లోపల రాయి నేను వడుత" అన్నాడు. సారె మీద లేచే కుండకు అడుగు ఉండదు. కొంచెం ఆరాక లోపల రాయి పట్టి, బయట చెక్కతో కొట్టి మూయాలి. అది పట్టే చెయ్యి కూడా ఎడమదే.

అన్న పోయాక, ఆఖరి ఐరేని కుండ కూడా దించి చూరు కింద పెట్టాక హనుమాండ్లు, "రంగు నువ్వెయ్యి. తెల్ల సుక్కలు మంచిగ వెడుతవు నువ్వు" అన్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె పనిని అతను మెచ్చుకున్నట్టు ఆమెకు గుర్తులేదు. "సాలు, ముచ్చట్లు బందు వెట్టి జెర ఒరుగు" అని గుంజకు ఆనించి కూర్చోబెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

తిరిగొచ్చేసరికి అతని ముఖం ఎడమవైపుకు తిరిగి ఉంది. ఎవరూ పిలవలేదు, ఆ పక్క ఎవరూ లేరు. కళ్లు కొంచెం తెరిచి ఉన్నాయి. ఆమె పోయి ఆ చూపుకు ఎదురుగా కూర్చుంది. "ఈడనే ఉన్న" అంది. అతని చెంప మీద మట్టి ఇంకా ఆరలేదు. ఊపిరి లేదు.

ఆమె చాలాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత గంగారాం వచ్చాడు, వాడకట్టు జనమంతా వచ్చారు.

చూరు కింద నీడలో ఐరేని కుండలు వరసగా ఆరుతున్నాయి. వాటిలో ఒక్కదానికీ ఇంకా అడుగు మూయలేదు.