వీపు పాఠం

ఏసీ మెకానిక్ మోకాళ్ళు రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొరాయించాయి. నిచ్చెన ఎక్కితే దిగడానికి, దిగితే నాలుగడుగులు వేయడానికి పక్కన ఒక భుజం ఉండాల్సి వస్తోంది. ఇంకో వేసవి ఇలాగే గోడలకు వేలాడితే ఆ తర్వాత కర్ర సాయం లేకుండా నడవలేవని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. నిచ్చెన లేని పనేదైనా వెతుక్కోవాలి. చిక్కేమిటంటే, మెకానిక్‌కి ఏసీలు బాగుచేయడం, తన గురించి తను చెప్పుకోవడం తప్ప ఇంకో పని రాదు.

ఆ రోజుల్లోనే ఊళ్ళోని ట్రైనింగ్ సెంటర్ వాళ్ళ ప్రకటన అతని భార్య కంటబడింది. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేయడం నేర్పే మాస్టారు కావాలి, టీచరు డిగ్రీ అక్కర్లేదు, పనిలో అనుభవం ఉంటే చాలు, ఒక పాఠం చెప్పి చూపించాలి అని అందులో ఉంది. ఆమె చదివి వినిపిస్తుంటే, డిగ్రీ అక్కర్లేదన్న చోట మెకానిక్ ఆపించి మళ్ళీ చదివించుకున్నాడు. డిగ్రీ అక్కర్లేదంటే ఇంకేమీ అక్కర్లేదనే అతనికి అర్థమయింది.

అంతే, మనిషి నడకే మారిపోయింది. ఉద్యోగం ఇంకా రాలేదు, వస్తుందో రాదో తెలియదు, అయినా తెల్లచొక్కా కుట్టించేశాడు. ఇంటి ఓనరు తన ఏసీ నీళ్ళు కారుతోందంటే, తను ఇక పనులు చేయననీ, చేసేవాళ్ళని తయారుచేస్తాననీ గంభీరంగా చెప్పి పంపించాడు. ఓనరు ఇంట్లో నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

భార్య తన తమ్ముణ్ణి పిలిపించింది. అతను హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. అతను బి.ఇడి. చదివిన రోజుల్లో మెకానిక్ పెట్టని పేరు లేదు. చాక్‌పీసు పట్టుకోవడానికి కూడా చదువు కావాలా అని చుట్టాలందరి ముందూ ఏడిపించేవాడు. నిజం చెప్పాలంటే బావమరిది కూడా అంత గొప్ప మాస్టారేం కాదు. అతని క్లాసు పిల్లల్లో సగం మంది అవే లెక్కలు సాయంత్రం ఇంకొకరి దగ్గర చెప్పించుకుంటారు. అయినా పాపం, అక్క పిలిచిందని వచ్చి, తనకు తెలిసిన ఒక్క మంచి మాటా చెప్పాడు.

"పని నువ్వు చెయ్యకు బావా. వాళ్ళ చేత చేయించు. చెడగొడితే చెడగొట్టనీ."

పని రానివాళ్ళు చెప్పే మాటలు ఇలాగే ఉంటాయని మెకానిక్ కడుపుబ్బ నవ్వాడు.

ఇక్కడ మెకానిక్ పనితనం గురించి కాస్త చెప్పుకోవాలి. చెయ్యి మంచిదే, అందులో వంక పెట్టడానికి లేదు. రాగి గొట్టాన్ని మంటతో కాల్చి వాల్వ్‌కి అతికాడంటే అక్కడినుంచి గ్యాస్ కారడమన్నది ఉండదు. కానీ ఆ అతికే ఘట్టం ఎవరి కళ్ళా పడనిచ్చేవాడు కాదు. మంట వెలిగించేముందు పక్కనున్నవాణ్ణి స్పానర్ తెమ్మనో, కింద మెయిన్ ఆపి రమ్మనో తరిమేసేవాడు. తరమడానికి సాకు దొరక్కపోతే వీపు తిప్పేవాడు. అప్పుడు జేబులోంచి తడిగుడ్డ తీసి వాల్వ్ చుట్టూ చుట్టేవాడు. లోపలి రబ్బరు వేడికి కరిగిపోకుండా ఆ గుడ్డ కాపాడుతుంది. అదే అతని బ్రహ్మరహస్యం. పని నేర్పిన మేస్త్రీ కూడా అతన్ని ఇలాగే టీకి పంపేవాడు. ఒకరోజు మెకానిక్ టీ తేకుండా కిటికీ చాటున నక్కి ఈ గుట్టు సంపాదించాడు. అంత కష్టపడి దొంగిలించింది ఊరికే పంచిపెట్టడానికి అతనికి మనసొప్పలేదు. వచ్చిన ప్రతి అసిస్టెంటూ స్పానర్లు మోసి మోసి, ఏమీ రాకుండానే వెళ్ళిపోయాడు.

పాఠం రోజు వచ్చింది. వర్క్‌షాపులో గోడవారగా ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎదురుగా పొడవాటి బల్ల, దాని చుట్టూ నేర్చుకునేవాళ్ళు. కుర్రవాళ్ళున్నారు, ఇద్దరు గృహిణులున్నారు, మిల్లు మూతబడి కొత్త పని వెతుక్కుంటున్న నెరిసిన జుట్టాయన ఒకడున్నాడు. మెకానిక్ ముందుగా తన ఘనత ఎత్తుకున్నాడు. జనం కిక్కిరిసిన హాల్లో ఏసీ ఆగిపోతే తను వెళ్ళి ఒంటిచేత్తో చల్లబరిచిన వైనం చెబుతుంటే పాఠానికిచ్చిన సమయంలో సగం కరిగిపోయింది. వినేవాళ్ళకు బాగానే ఉంది. ఒకతను రాసుకున్నాడు కూడా, ఏం రాసుకున్నాడో తెలియదు.

తర్వాత గొట్టం కోశాడు, అంచులు నున్నగా గీశాడు, వాల్వ్‌లో అమర్చాడు. అంతవరకూ అందరూ మెడలు చాచి చూశారు. మంట వెలిగించాల్సి వచ్చేసరికి అతని నోరు దానంతటదే తెరుచుకుంది. ముందు వరసలో ఉన్న గృహిణిని బకెట్‌తో నీళ్ళు పట్టుకు రమ్మన్నాడు. ఆమె లేచి వెళ్ళింది. మిగిలినవాళ్ళందరినీ బకెట్లకు పంపడం కుదరదు గనుక, అలవాటు ప్రకారం క్లాసుకి వీపు తిప్పాడు.

బుస్సుమని చప్పుడొచ్చింది. తెల్లచొక్కాకి అటూ ఇటూ నీలంగా వెలుగు కనిపించింది. ఎవరో పక్కకు జరిగి తొంగిచూడబోతే అతని మోచెయ్యి కూడా అటే జరిగింది. కాసేపటికి మెకానిక్ ఇటు తిరిగి, అతికిన గొట్టాన్ని పైకెత్తి చూపించాడు. అతుకు ఉంగరంలా మెరుస్తోంది. సబ్బునీళ్ళు పూసి గాలి పట్టించి చూస్తే ఒక్క బుడగ రాలేదు. మెకానిక్ చప్పట్ల కోసం చూశాడు.

ఏం నేర్చుకున్నారో చెప్పమని మేడమ్ క్లాసుని అడిగింది. చివరికి నెరిసిన జుట్టాయన, పెద్దమనిషి కాబట్టి తను చెప్పక తప్పదన్నట్టు లేచి నిలబడ్డాడు.

"సార్‌కి చొక్కా వెనక చెమట పట్టింది మేడమ్."

అప్పుడే గృహిణి నిండు బకెట్‌తో లోపలికి వచ్చి, దీన్ని ఎక్కడ పెట్టాలని అడిగింది. ఎక్కడ పెట్టాలో మెకానిక్‌కీ తెలియదు.

పని చాలా బాగుంది, పాఠమే ఎవరికీ కనపడలేదు, అతికేటప్పుడు ఎందుకు అటు తిరిగారని మేడమ్ నెమ్మదిగా అడిగింది. ఆ నెమ్మదికి మెకానిక్ నోరు జారాడు.

"కనపడేలా చేస్తే రేపు వీళ్ళందరూ నా ఎదురుగానే కొట్టు పెట్టరా మేడమ్?"

"దానికే కదండీ వీళ్ళు ఇక్కడికి వచ్చింది," అంది మేడమ్. ఈ ఉద్యోగం ఇవ్వలేమని చెప్పి లేచింది.

ఇంటికి వచ్చి మెకానిక్ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. డిగ్రీ అక్కర్లేదనడం ఒట్టి మాటట, లోపల అందరూ డిగ్రీవాళ్ళేనట, పనిమంతుణ్ణి చూస్తే వాళ్ళకు కడుపుమంటట. భార్య అంతా విని, నీళ్ళగ్లాసు చేతికిచ్చి, అతని ఎదురుగా కూర్చుంది.

"ఇన్నేళ్ళలో ఎంతమంది మీ దగ్గరకొచ్చారు. ఒక్కడికి నేర్పినా ఈపాటికి నిచ్చెన వాడెక్కేవాడు. మీరు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవారు."

మెకానిక్‌కి ఆమె మీద కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. మోకాళ్ళ నొప్పికి డాక్టర్ని, ఉద్యోగం రానందుకు మేడమ్‌ని తిట్టుకున్నవాడికి ఈసారి తిట్టడానికి పక్కమనిషి దొరకలేదు.

మర్నాడు మందుల షాపతను ఫోన్ చేశాడు. ఏసీ ఆగిపోయిందట, చల్లగా ఉంచాల్సిన మందులు పాడైపోతాయట, వేరేవాళ్ళెవరూ ఖాళీగా లేరట. ఏసీ బయటి పెట్టె షాపు డాబా మీద ఉంది. పైకెళ్ళడానికి గోడకు కొట్టిన ఇనుప నిచ్చెన ఒక్కటే దారి. మెకానిక్ మొదటి మెట్టు మీద కాలు పెట్టి పైకి లేవబోయాడు. మోకాలు లేవనంది. రెండోసారీ లేవనంది. అసిస్టెంట్లందరూ పోయాక సామాను సంచి మోస్తూ అతని వెంట తిరుగుతున్నది భార్యే. ఆమె మారు మాట్లాడకుండా సంచి భుజాన వేసుకుని, అతన్ని పక్కకు జరిపి, ఎక్కేసింది. పైనుంచి చూసి, వాల్వ్ దగ్గర గొట్టం ఊడివచ్చిందని చెప్పింది. పాత అతుకంతా గీకి శుభ్రం చేసి, గొట్టాన్ని మళ్ళీ అమర్చింది. మంట కూడా వెలిగించింది. అది ఆమెకు కొత్త కాదు, రోజూ అతనికి వెలిగించి ఇచ్చి అవతలికి తప్పుకునేది ఆమే.

"ఇప్పుడేం చెయ్యాలి?" అని కేకేసింది.

మెకానిక్ చుట్టూ చూశాడు. మందులకొచ్చినవాళ్ళు అరడజను మంది నిలబడి ఉన్నారు. రోడ్డవతల ఫ్రిజ్‌లు బాగుచేసే అతను కొట్టు గుమ్మంలో నిలబడి తీరిగ్గా ఇటే చూస్తున్నాడు. మెకానిక్ గోడకు మూతి ఆనించి, గుడ్డ అని గొణిగాడు. వినపడలేదంది భార్య. మళ్ళీ గొణిగాడు. మంట వృథాగా పోతోందంది. లోపల మందులు వేడెక్కుతున్నాయని షాపతను గుర్తుచేశాడు. ఇక గత్యంతరం లేక, ప్రాణం పోయినంత పనై, మెకానిక్ తల పైకెత్తి వీధంతా వినిపించేలా అరిచాడు.

"వాల్వ్‌కి తడిగుడ్డ చుట్టు!"

రోడ్డవతల ఫ్రిజ్‌ల అతను నవ్వలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"చుట్టకుండా ఎవరు వెలిగిస్తారన్నా?"

"అదెప్పుడో చుట్టేశాను," అంది భార్య పైనుంచి. "రోజూ ఆ మాడుగుడ్డలు ఉతికేది నేనే కదా. తర్వాత సంగతి చెప్పండి."

తర్వాత సంగతంతా అతని చేతిలో ఉంది. మంట ఎంత దూరంలో తిప్పాలో, గొట్టం ఏ రంగుకొచ్చాక అతుకు కడ్డీ ఆనించాలో చేతికి తెలుసు. నోటికెప్పుడూ ఆ పని పడలేదు. కుడిచెయ్యి మాత్రం గాలిలో లేని గొట్టం చుట్టూ లేని మంటను తిప్పుతోంది. డాబా మీద ఉన్న మనిషికి అది కనపడదు.

"చెప్పండీ, తర్వాత?" అని ఆమె మళ్ళీ అడిగింది.